సంతకం పెట్టేది లేదు

మార్చి 3, మధ్యాహ్నం

సంతకం పెట్టలేదు. పెట్టను.

అదే రోజు, సాయంత్రం

ఇప్పుడు వివరంగా రాస్తాను. లేకపోతే రేపటికల్లా వీళ్లంతా కలిసి జరిగింది అది కాదని నన్నే నమ్మిస్తారు.

పొద్దున హోటల్ లాండ్రీలో ఉన్నాను. బెడ్‌షీట్లు ప్రెస్‌లోంచి వస్తుంటే అంచులు చూసి మడతలు పెట్టిస్తున్నాను. జీఎం గారు బ్యాంక్వెట్ హాల్‌కి రమ్మంటున్నారని ఇంటర్‌కమ్‌లో చెప్పారు. తొమ్మిదేళ్లలో ఆయన నన్ను ఒక్కసారి కూడా పిలిపించుకోలేదు. ఏ టవల్ మీద మరక మిగిలిందో, ఏ గెస్టు గొడవ చేశాడో అనుకుంటూ ఏప్రన్ విప్పి పరిగెత్తాను.

హాల్లో జీఎం పక్కన కోట్లు వేసుకుని ఇద్దరు ఉన్నారు. హెడ్ ఆఫీసు వాళ్లట. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ పోస్టు మీకే ఇస్తున్నాం, వచ్చే నెల నుంచి ఫ్లోర్లన్నీ మీ కిందే అన్నారు. ఆ పోస్టుకి మూడుసార్లు అప్లై చేశాను. మూడుసార్లూ బయటివాళ్లని తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్లకి పని నేర్పించింది మాత్రం నేనే.

ఏడ్చేశాను. జీఎం చేతులు పట్టుకుని మరీ ఏడ్చాను. ఇంటికి ఫోన్ చేసి చెప్పండమ్మా అని కోటు ఆయన అన్నాడు. మా ఆయనకి చేశాను.

నువ్వు సాధిస్తావని నాకెప్పుడో తెలుసు, నీలాంటి మనిషి నా ఇంట్లో ఉండటం నా అదృష్టం అన్నాడు. గొంతు కూడా వణికింది. పెళ్లయి పన్నెండేళ్లయింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఒక్క క్షణం పోస్టు సంగతే మర్చిపోయాను.

అంతలో కర్టెన్ పక్కకి తప్పించి యాంకర్ గంతులేస్తూ బయటికొచ్చింది. టీవీలో ఆదివారం వచ్చే ఆ ప్రాంక్ షో. కోటు వాళ్లు యాక్టర్లు. అద్దం వెనక కెమెరా, పూలకుండీలో కెమెరా, నీళ్ల సీసాల మధ్య కెమెరా. పోస్టు లేదు, ఏమీ లేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే వెర్రిమొహం వేసుకుని నేనూ నవ్వాను. అది తలుచుకుంటే నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తోంది.

టెలికాస్ట్ చెయ్యడానికి నా పర్మిషన్ కావాలట. చాలా స్పోర్టివ్ మేడమ్ మీరు, ఇక్కడొక సైన్ చెయ్యండి అని యాంకర్ పెన్ను చేతిలో పెట్టింది. మరి పోస్టు సంగతి అని అడిగాను. నిజంగానే అడిగాను, అప్పటికీ బుద్ధి రాలేదు. అందరూ ఇంకోసారి నవ్వారు. పెన్ను అక్కడ పడేసి లాండ్రీకి వెళ్లిపోయాను.

మార్చి 4

ఇంట్లో అందరికీ ముందే తెలుసు.

షోకి నా పేరు పంపింది ఆడపడుచు. మా వదినకి ముక్కు మీద కోపం, ఇలాగైనా కాస్త నవ్వుతుందని రాసిందట. అత్తయ్య టీవీలో కనపడాలని జుట్టుకి రంగు వేయించుకుంది. ఫంక్షన్ ఏమైనా ఉందా అని పోయినవారం నేనే అడిగాను. ఊరికే అంది.

ఆ అమ్మాయికి అన్నిటికంటే ఏది ఎక్కువ ఇష్టం అని షో వాళ్లు అడిగారట. ప్రమోషన్ అని చెప్పింది మా ఆయనే. నేను హోటల్ గోడు చెప్పుకున్నప్పుడల్లా ఫోన్లో తల దూర్చి కూర్చుంటాడు, ఒక్క ముక్క వినడు అనుకునేదాన్ని. విన్నాడు. అంతా విని, జాగ్రత్తగా దాచి, పట్టుకెళ్లి వాళ్లకిచ్చాడు.

మార్చి 5

సూపర్‌వైజర్ మేడమ్ వచ్చారు, లేవండిరా అని హోటల్ డ్రైవర్లు లేచి నిలబడ్డారు. లిఫ్టు ఆయన సెల్యూట్ కొట్టాడు. ప్రెస్ దగ్గర పనిచేసే అక్క మాత్రం ఏమీ అనకుండా నాకు టీ తెచ్చి పెట్టింది. ఆమె జాలికీ ఒళ్లు మండింది. టీ తాగాను, అది వేరే సంగతి.

మార్చి 7

ఆయన ఈరోజు గంటసేపు నాకు హ్యూమర్ అంటే ఏమిటో చెప్పాడు. టైర్ల షాపులో రోజంతా కస్టమర్లతో వాదించే నోరు కదా, అలసట ఉండదు. అందరూ నవ్వుకునేదే కదా, ఎవరు చచ్చారు, ఒక్క సంతకం పెడితే నీ సొమ్మేం పోతుంది అన్నాడు. పక్కవాళ్లందరికీ చెప్పుకున్నాం, ఇప్పుడు రాలేదంటే మా మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి అని అత్తయ్య లోపలి నుంచే అందుకుంది. నవ్వు వచ్చినప్పుడు ఎక్కి పొర్లడానికి నేనేమన్నా చాపనా అన్నాను. చూశావా, నీకూ జోకులు వచ్చు అన్నాడు!

మార్చి 9

జీఎం పిలిచాడు. ఈసారి అద్దం, కర్టెన్, పూలకుండీ అన్నీ చూసుకున్నాకే కూర్చున్నాను.

ఆ పోస్టు నిజంగానే ఇస్తాడట. ఛానెల్ వాళ్లు మళ్లీ వచ్చి, అసలు సర్‌ప్రైజ్ ఇదే అని ఇంకో సీన్ తీస్తారట. నేను మళ్లీ ఏడవాలి. రెండూ కలిపి వేస్తారు. సంతకం పెడితేనే.

నాకు ఆ పోస్టు కావాలి. రాయడానికి సిగ్గేమీ లేదు. చాలా కావాలి. అందుకే అడిగాను, కెమెరా లేకుండా ఇవ్వండి సార్, పని చూసి ఇవ్వండి అని. అదెలా కుదురుతుందమ్మా, పబ్లిసిటీ వస్తుందనే కదా పైవాళ్లు ఒప్పుకున్నది అన్నాడు. తొమ్మిదేళ్ల పనికి రానిది నాలుగు నిమిషాల ఏడుపుకి వస్తోంది.

మార్చి 10

ఎల్లుండిలోపు చెప్పాలట. ఆలోచిస్తున్నాను. ఆలోచిస్తున్నందుకు నా మీద నాకే మండుతోంది.

మార్చి 11

సంతకానికి ముందు మీరే ఒకసారి చూసుకోండి అని ఛానెల్ ఆఫీసుకి పిలిచారు. వెళ్లాను. పెట్టేద్దాం అనే వెళ్లాను, దాచుకోవడం ఎందుకు.

ఏసీ గదిలో పెద్ద స్క్రీన్. కుడి సగంలో ఫోన్ పట్టుకుని ఏడుస్తున్న నేను. ఎడమ సగంలో మా ఇల్లు. మా హాలు, మా సోఫా. వంటింటి గుమ్మం పక్కనున్న ఫ్రిడ్జ్ మీద కెమెరా పెట్టారట, అది నాకెవరూ చెప్పలేదు. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. అత్తయ్య, ఆడపడుచు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఎదురుగా ఒకమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని పెద్ద అట్ట ఎత్తి పట్టుకుంది. దాని మీద లావు అక్షరాలు. నువ్వు సాధిస్తావని నాకెప్పుడో తెలుసు. నీలాంటి మనిషి నా ఇంట్లో ఉండటం నా అదృష్టం.

ఆయన చూసి చదువుతున్నాడు. మధ్యలో తడబడితే ఆ పిల్ల అక్షరాల కింద వేలు పెట్టి చూపించింది. గొంతు వణికింది నవ్వు ఆపుకోలేక. ఫోన్ పెట్టేయగానే ముగ్గురూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు.

ఆ మాటలు ఎవరు రాశారని అడిగాను. నేనే మేడమ్, బాగున్నాయి కదా అని యాంకర్ మురిసిపోయింది. చాలా బాగున్నాయమ్మా అన్నాను. బాగున్నాయి కాబట్టే కదా నమ్మాను.

సంతకం పెట్టనని చెప్పేశాను. పోస్టు పోతుంది మేడమ్ అన్నారు. పోనివ్వండి అన్నాను. నాకేం కావాలో తెలిసే కదా వీళ్లు ఇంత ఆడుకున్నది. ఇకమీదట నాకేం కావాలో ఎవరికీ చెప్పను.

మార్చి 13

కొత్త సూపర్‌వైజర్ ఒకటో తారీకున వస్తుందట. పని మీరే నేర్పాలి అని జీఎం కబురు. అత్తయ్య నాతో మాటలు మానేసింది. షాపులో అందరికీ చెప్పుకున్నాను, నా పరువు తీశావు అని ఆయన అరిచాడు. పరువు గురించి అట్ట మీద ఏమీ రాసివ్వలేదా అన్నాను. నేను చూశానని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

మార్చి 16, సాయంత్రం

వంటింట్లోకి వచ్చి, ఆ రోజు ఫోన్లో అన్నది మొత్తం అబద్ధం కాదు అన్నాడు. నేను ఫ్రిడ్జ్ మీదకి చూశాను.

నా చూపు ఆయన పట్టుకున్నాడు. ఫ్రిడ్జ్ మీద సామానంతా దించాడు. అలమరాల తలుపులన్నీ ఒక్కొక్కటే తెరిచాడు. గడియారం తీసి వెనక్కి తిప్పి చూపించాడు. తన ఫోన్ ఆఫ్ చేసి గట్టు మీద పెట్టాడు.

సరే, ఇప్పుడు మీ మాటల్లో చెప్పండి అన్నాను.

డైరీ తెచ్చుకుని ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. ఇంకా నిలబడే ఉన్నాడు.