జొన్నకు మోయని కట్టెలు

ఫిబ్రవరి 4, 1946. సోమవారం

జొన్న చచ్చిపోయింది.

అదే రోజు, సాయంత్రం

పొద్దున ఒక్క ముక్క రాసి మూసేశాను. ఇప్పుడు కుదురుగా రాస్తాను.

గడిలో పశువులను చూసే గురవయ్య బడి దగ్గరికి వచ్చి చెప్పాడు. నిన్న దొర షికారుకు పోయాడట. గుట్ట వెనకాల అడవిపంది జొన్న కడుపు చీల్చేసిందట. తెల్లారేదాకా కొట్టుకుని ప్రాణం విడిచిందట. "పాణం పోయేదాంక వాకిలి దిక్కే సూసింది సారూ" అన్నాడు. గురవయ్యకు ఎదుటివాళ్లు వినాలనుకునేది చెప్పే అలవాటుంది. నేను నమ్మలేదు. అయినా క్లాసులో ఏడో ఎక్కం చెప్పిస్తూ మధ్యలో ఆగిపోయాను. పిల్లలే పూర్తి చేశారు.

జొన్న నా కుక్క కాదు. రెండేళ్లుగా గడి కుక్క. అంతకుముందు నా భార్య జానమ్మది. కట్టంగూరు బాట మీద దొరికిన పిల్ల. జొన్నరొట్టె రంగులో ఉందని జానమ్మ ఆ పేరు పెట్టింది. తను తాగే గటకలో సగం దానికే పెట్టేది. జానమ్మ జ్వరంతో పోయినప్పుడు అది నాలుగు రోజులు సమాధి దగ్గర్నుంచి లేవలేదు. ఆ సంగతి దొర చెవిన పడింది. అంత విశ్వాసం గల కుక్క వాడలో ఎందుకని మనిషిని పంపాడు. మా కోళ్లు, మేకపిల్లలు, మా రెక్కల కష్టం పోయిన తోవలోనే కుక్క కూడా పోయింది. తాడు అందించింది నేనే. కాదని ఒక్క మాట అనలేదు. దొర దానికి రాణి అని పేరు మార్చాడు.

ఫిబ్రవరి 5

దొర పిలిపించాడు. చెప్పులు చేత పట్టుకుని గడి వాకిట్లో నిలబడ్డాను. జొన్న మీద తెల్లబట్ట కప్పి ఉంది. మనుషులకు కప్పేలాంటి బట్ట.

దొర చాలా మెత్తగా మాట్లాడాడు. అది మొదట నీ కుక్కే కదా, నువ్వే చెప్పు అన్నాడు. దానికి మర్యాదగా దహనం చేయించాలని ఉందట. తోటలో తుమ్మకట్టెలు కొట్టించి పెట్టాడట. మా వాడవాళ్లు వాగు దాకా మోయాలట, నేను ముందు నడవాలట. "కాలపెట్టాల్నా, గుంజి పారేయాల్నా, నువ్వే సోంచాయించు. రేపటిదాంక టైమిస్తున్న" అని ఆలోచించుకోమన్నాడు.

నాకు అక్కడే అర్థమయింది. పోయిన నెల వాడంతా మీటింగు పెట్టుకుని ఇక వెట్టి చెయ్యం అని తీర్మానించుకున్నారు. ఆ కాగితం రాసింది నేను. చదివి వినిపించింది నేను. నలభై ముగ్గురు వేలిముద్రలు వేశారు. అందరికన్నా ముందు మా నాయిన వేశాడు. అప్పటి నుంచి గడికి ఎవరూ ఒక్క పుల్ల మోయలేదు. దొర తిట్టించాడు, బెదిరించాడు, బావి మూయించాడు. వాడ కదల్లేదు. ఇప్పుడు నన్ను వెతికి పట్టుకున్నాడు.

అంతా అర్థమయ్యాక కూడా, బట్ట తీసి ఒకసారి చూపించమని అడిగాను.

జానమ్మకు శవపెట్టె చేయించడానికి ఇదే వాకిట్లో నాలుగు పలకలు అడిగాను. వానలకు కట్టె లేదన్నారు. బొంతలో చుట్టి పెట్టాం. నక్కలు తోడకుండా మీద రాళ్లు పేర్చాం.

అదే రోజు, దీపాలు పెట్టే వేళ

నాయిన పేరు భిక్షపతి. నడుం వంగేదాకా గడిలో చచ్చిన గొడ్లను ఈడ్చిన మనిషి. చచ్చిన జంతువు గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కాల్చడమే మంచిదన్నాడు. "కాలిస్తె నక్కలు ముట్టయి బిడ్డా. మట్టిల పెడితె రెండో దినమే తోడుతయి."

మళ్లీ తనే, "గని నేను కట్టె మొయ్య. ఏలిముద్ర ఏసిన" అన్నాడు.

ఒక్కడినే మోసుకుంటానన్నాను. ఎన్ని తిరుగుళ్లయినా ఫరవాలేదన్నాను. అప్పటికే వెట్టి మాన్పించే సంఘం నడిపే ఎల్లస్వామి వచ్చి గడపలో కూర్చున్నాడు. వాడను నిలబెట్టిన మనిషి అతను. అరవలేదు. "నువ్వొక్కనివి మోసినా వాడ మోసినట్టే సారూ. గా కాయిదం నువ్వు రాసిందే గద" అన్నాడు.

కుక్క కోసం ఇంత ఆలోచిస్తున్నానని అతని మొహంలో కనిపించింది. నిజమే, కుక్క కోసమే. జానమ్మ చేతి ముద్ద తిన్న ప్రాణి ఈ భూమ్మీద నేను కాక అదొక్కటే.

ఫిబ్రవరి 6

వద్దని చెప్పి వచ్చాను.

ఏం వద్దని దొర అడిగాడు. కాల్చొద్దన్నాను. కుక్కను నాకిస్తే నేనే తీసుకుపోతానన్నాను. "కట్టెలు మోస్తె కుక్క నీది. మొయ్యకుంటె గద్దలది" అన్నాడు. తెల్లబట్ట లాగించేశాడు.

ఈడ్చడానికి వాడ నుంచి ఎవరూ రారు కదా. గడి పహిల్వానులే ముక్కులకు గుడ్డలు కట్టుకుని, కాలికి తాడు వేసి ఈడ్చారు. కావాలనే బడి ముందు నుంచి తీసుకుపోయారు. పిల్లలను గట్టిగా ఎక్కాలు చెప్పమన్నాను. ఇంకా గట్టిగా అన్నాను. తల కిటికీ వైపు తిప్పలేదు.

వాగు అవతలి దిబ్బ మీద పడేశారు. ఎవరైనా ముడితే చెయ్యి విరగ్గొట్టమని ఒక మనిషిని కాపలా పెట్టారు.

ఫిబ్రవరి 7

బడి నుంచి దిబ్బ కనిపిస్తుంది. రాబందులు దిగాయి. బల్లలన్నీ అటు నుంచి ఇటు తిప్పించాను.

ఫిబ్రవరి 8

నాయిన చెయ్యి విరిగింది.

నాకు చెప్పకుండా దిబ్బ దగ్గరికి పోయాడు. కట్టె మోయలేదు, కుక్కను ముట్టలేదు. దూరంగా నిలబడి కర్రతో రాబందులను తోలాడట, అంతే. కాపలావాడు ఆ కర్రే లాక్కుని కొట్టాడు. పక్కింటి మారెమ్మ వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టింది. "నక్కల సంగతి సోంచాయించిన గని గద్దల సంగతి యాదికి రాలే" అని నాయిన నాతో అన్నాడు, ఏదో తప్పు చేసినవాడిలా.

ఆ మాట రాయకుండా ఉండాల్సింది. రాశాక కొట్టేయలేకపోతున్నాను.

ఫిబ్రవరి 10. ఆదివారం

ఆరాధన అయ్యాక మీటింగు. ఎల్లస్వామి నన్ను లేపి నిలబెట్టాడు. సారు ప్రాణం లాంటి కుక్కను వదులుకున్నాడు గాని మాట వదులుకోలేదు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా అనిపించింది. దాదాపు పది నిమిషాలు. ఇంటికొచ్చి నాయిన చెయ్యి చూశాను.

ఫిబ్రవరి 13

దొర అల్లుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. వెంట పన్నెండు మంది పోలీసులు. నార్కట్‌పల్లి బాట మీద మోటారు ఆగిపోయిందట, సామాను మోయడానికి మనుషులు కావాలని గడి నుంచి కబురొచ్చింది.

వాడవాళ్లు పోయారు. ఎవరినీ కొట్టలేదు. తిట్టనైనా లేదు. పోలీసులు వాడ మొగదల బందూకులు నేలకు ఆనించి బీడీలు కాల్చారు, అంతే. ముందు ముగ్గురు పోయారు, తర్వాత పది మంది, తర్వాత అందరూ. ఎల్లస్వామి నెత్తిన ఇనుప ట్రంకు పెట్టె. బడి ముందు నుంచే పోయాడు. నన్ను చూసి మెడ తిప్పుకోబోయాడు, బరువుకు తిరగలేదు.

"గీ ఒక్కపారే అన్నరు సారూ" అంది మారెమ్మ. ఆమె కొడుకు కూడా పోయాడు.

ఎవరినీ తప్పు పట్టలేను. బందూకులు నా వైపు తిప్పితే నేనేం చేసేవాడినో నాకు తెలుసు, ఒకసారి తాడు అందించినవాడిని. కానీ ఒక లెక్క మాత్రం తల్లోంచి పోవడం లేదు. ఇవే నెత్తులు ఏడు రోజుల ముందు పోయి ఉంటే జొన్న శుభ్రంగా బూడిదయ్యేది. నాయిన చెయ్యి చెయ్యిలా ఉండేది.

ఫిబ్రవరి 14

కాపలా ఎత్తేశారు. ఇక అవసరం లేదు కదా.

నేనూ నాయినా పోయాం. పుర్రె, కొన్ని ఎముకలు, కాలికి కట్టిన తాడు. నాయిన తన గొంగడి పరిచి, మంచి చేత్తో ఒక్కొక్కటే ఏరాడు. ఎముక ఎముకనూ గుర్తుపట్టాడు. ఇది భుజానిది, ఇది తుంటిది అన్నాడు.

తర్వాత అడిగాడు. "కాలుద్దామా బిడ్డా? నాలుగు పుల్లలు సాలు."

వద్దన్నాను. కాల్చాల్సినంత మిగల్లేదు. నక్కలు కూడా ముట్టవు. ఇంకో మాట కూడా ఉంది, నాయినకు చెప్పలేదు. కట్టెను చేత్తో పట్టుకోలేను.

జానమ్మ కాళ్ల దగ్గర రాళ్లు జరిపి, మోకాలి లోతు తవ్వి పెట్టాను. ప్రార్థన చేయలేదు. ఏమని చేయాలో తెలియలేదు. నాయిన మాత్రం "జొన్నా, పో" అన్నాడు. జానమ్మ దాన్ని పొలం నుంచి ఇంటికి పంపేటప్పుడు అలాగే అనేది.

ఫిబ్రవరి 17. ఆదివారం

పాస్టరుగారు ఇంటికి వచ్చారు. చెడ్డమనిషి కాదు, నాయిన చెయ్యి చూసి బాధపడ్డారు. తర్వాత విషయానికి వచ్చారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల మధ్య కుక్కను పెట్టారని సంఘంలో ఫిర్యాదు వచ్చిందట. అంటే చర్చి సంఘం, వెట్టి మాన్పించేది కాదు. ఫిర్యాదు చేసినవాళ్లలో ఎల్లస్వామి ఉన్నాడు. ఎందుకో నాకు అర్థమయింది. నా మొహం ఎదురుపడకుండా ఉంటే అతనికి కాస్త ఊపిరి ఆడుతుంది.

వచ్చే ఆదివారంలోగా తవ్వి తీసెయ్యాలి. లేకపోతే మిషనుకు రిపోర్టు పోతుంది. బడి ఉద్యోగం ఉండదు. "జర ఆలోచించు ఏసోబూ, అది కుక్క" అన్నారు.

ఆలోచించమని నాకు చెప్పడం ఈ నెలలో ఇది రెండోసారి.

ఫిబ్రవరి 18

పాస్టరుగారికి చీటీ పంపాను. చీటీతో పాటు బడి తాళంచెవి కూడా. చీటీలో రాసింది ఒక్క మాట.

తియ్యను.