గాలహర్ పెద్దమ్మ తివాచీ

స్లేటర్ వీధి, గ్లాస్గో
సెప్టెంబరు, 1948

ఇళ్ళ ఆఫీసు ప్రింగిల్ గారికి, పై అంతస్తు రాబ్ మెకాస్కిల్ నమస్కరించి రాసుకుంటున్నది.

మా ఇల్లు "పొడిగా, శుభ్రంగా ఉంది, వేరే ఇల్లు అవసరం లేదు" అని మీ ఇనస్పెక్టరు రాశాడట. ఆయన చూసింది మా ఇల్లు కాదండీ, మా ఆవిడ పరువు. ఇనస్పెక్టరు వస్తున్నాడనగానే మా నెటీ కింది వాటా గాలహర్ పెద్దమ్మ దగ్గర తివాచీ, కుర్చీలు, గడియారం, బీరువా అరువడిగింది.

"ఇల్లు ఇంత బాగుంటే వేరే ఇల్లెందుకిస్తాడే?" అన్నాను.

"మురికి మనుషులని రాసుకుపోతే నీకు బాగుంటుందా? నోరు మూసుకుని తివాచీ ఎత్తు," అంది.

ఎత్తాను. బీరువాని చెమ్మగోడకి అడ్డం పెట్టాను. ఆ గోడ పక్కనే మా పిల్ల ఈసా పడుకుంటుంది. దాని ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. పొడిగది దొరక్కపోతే ఈ చలికాలం దాటడం కష్టమన్నాడు డాక్టరు.

ఇట్లు,
రాబ్ మెకాస్కిల్

తా.క. ఆ రోజు ఇనస్పెక్టరు తాగిన టీ ఒక్కటే మాది.

---

శ్రీ మెకాస్కిల్ గారికి,

మీ ఉత్తరం చేరింది. అరువు సంగతి నిజమో కాదో తేల్చుకోవడానికి ఇనస్పెక్టరు శ్రీమతి గాలహర్ ఇంటికి వెళ్ళారు. అక్కడ నేలమీద చాప లేదు, కూర్చోవడానికి పీట లేదు, గోడ నిండా చెమ్మ. ఇంత దీనమైన ఇల్లు ఆయన ఈ వీధిలో చూడలేదట. కొండమీది కొత్త కాలనీలో రెండు గదుల ఇల్లు ఆమెకు కేటాయించాము.

భవదీయుడు,
ఎ. ప్రింగిల్

తా.క. ఇల్లు అంత చక్కగా ఉంచుతున్నందుకు శ్రీమతి మెకాస్కిల్ గారికి ఇనస్పెక్టరు అభినందనలు తెలపమన్నారు.

---

ప్రింగిల్ గారికి,

ఆవిడ ఇంట్లో పీట లేకపోవడానికి కారణం అవన్నీ మా ఇంట్లో ఉండటం. మీవాళ్ళు మళ్ళీ వస్తారేమోనని నెటీ తిరిగి ఇవ్వనివ్వలేదు.

ఇది చెబుదామని కిందికి వెళితే పెద్దమ్మ తలుపు దగ్గరే నిలబడి, "నేనడిగానా రాబ్? కూర్చోమనడానికి కుర్చీ లేక ఆయన్ని నిలబెట్టి మాట్లాడాను. పాపం, దానికే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు," అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఒక్కగానొక్క కొడుకు యుద్ధంలో ఓడతోపాటు మునిగిపోయాడు. మంచి ఇంట్లో ఉండనీయండి. కానీ ఆవిడకి దగ్గు లేదు, మా పిల్లకి ఉంది. బీరువా జరిపాను. గోడ సున్నమంతా దాంతోపాటు ఊడి వచ్చింది. ఒక్కసారి వచ్చి చూడండి.

ఇట్లు,
రాబ్

తా.క. మీవాళ్ళు వచ్చేదాకా ఇల్లు ఊడవొద్దని నెటీకి చెప్పాను. పిల్ల దగ్గుకి నాకు నిద్ర లేదు, దుమ్ముకి ఆవిడకి లేదు.

---

శ్రీ మెకాస్కిల్ గారికి,

ఇనస్పెక్టరు గోడ చూసి వచ్చారు. మీ మాట నిజమే. మీ పేరు వరసలో చేర్చాము. కానీ మీకన్నా ముందున్నవారు చాలామంది. ఈ చలికాలంలోపు ఇల్లు ఇవ్వగలమని నేను చెప్పలేను.

నిన్న శ్రీమతి గాలహర్ ఆఫీసుకి వచ్చి తాళంచెవి నా బల్లమీద పెట్టారు. "ఒక్కదాన్ని రెండు గదులేం చేసుకోను? ఎండపడే గది ఈసాదని రాసుకో. లేదంటే ఇది నువ్వే ఉంచుకో నాయనా," అన్నారు.

బంధువులు కానివారిని ఆ ఇళ్ళలో ఉంచుకోకూడదని నిబంధన చెప్పాను.

"అయితే నేను దానికి నానమ్మనని రాసుకో. కాదనేవాడు ఎవడో వచ్చి నాతో చెప్పమను," అన్నారు.

రాసుకున్నాను. శనివారం పిల్లని పంపించండి.

భవదీయుడు,
ఎ. ప్రింగిల్

తా.క. కుర్చీలు, గడియారం, బీరువా నెటీనే ఉంచుకోమన్నారు, ఇనస్పెక్టర్లు వస్తూ పోతూ ఉంటారు కనుక. తివాచీ మాత్రం పిల్లతో పంపమన్నారు. పొద్దున్న మంచం దిగితే మనవరాలి పాదాలు చల్లబడకూడదట.