కొంగుపోగుతో చూసి తెచ్చిన స్పానర్లు

నాయనా,

అమ్మా నేనూ అణైకట్టుకు, పెద్దమ్మను చూడటానికి పోతున్నాం. రేపు సాయంత్రానికి వస్తాం. అన్నం ఉట్టిమీద ఉంది. మగ్గం పక్కన ఎర్రగుడ్డలో చుట్టిన ఆరు స్పానర్లు నీకే. బిగుసుకున్న నట్టును ముందు గుండ్రంగా మూసి ఉన్న వైపుతో కదిలించు, తరువాత తెరిచి ఉన్న వైపుతో తిప్పు. సుత్తితో మాత్రం కొట్టొద్దు. పక్కింటి వరదప్ప అడిగినా ఇవ్వొద్దు.

వేలూరు అంగడాయన మొదట తళతళలాడే పెద్ద సెట్టు చూపించాడు. మేము బిగించేది మగ్గం నట్లు, రైలింజను కాదని చెప్పి చిన్నవే మూడు సెట్లు తీయించాను. మన నట్లు రెండు కొంగున ముడేసుకుని పోయాను. వాటికి స్పానరు తగిలించి, సందులో నూలుపోగు దూర్చి చూశాను. పోగు దూరితే వదులని అర్థం, అది నట్టు మూలలు అరగదీస్తుంది. మెరిసే సెట్లు రెండింటిలోనూ దూరింది. ఈ నల్లవాటిలో దూరలేదు.

"ముప్పై ఏండ్లుగా ఇనుము అమ్ముతా ఉండాను, ఇట్లా చూసినోళ్లను యాడా చూడలేదు తల్లీ" అన్నాడు. ఆ పోగు అడిగి తీసుకుని గల్లాపెట్టెలో దాచుకున్నాడు.

"ఆడబిడ్డకు ఇనుము సంగతి ఏం తెలుస్తాది?" అన్నావు కదా. ఇప్పుడు తిప్పి చూసి చెప్పు.

కమలాక్షి

నట్లన్నీ కొరికేసిన నీ పాత పట్టుకారు పొయ్యి దగ్గర పెట్టాను. ఇక అది కుండలు దించడానికే. ఆ పోగు నువ్వు నేసిన నా చీర కొంగులోది నాయనా. ఆ మాట కూడా అంగడాయనకు చెప్పే వచ్చాను.