చెంబు ఎత్తు

1957 ఏప్రిల్, గురువారం రాత్రి

ఇవాళ క్లాసులో రాఘవరావు వ్యాసం చదివించాను, రాసిందెవరో చెప్పకుండా. రాఘవరావు నా తోటి లెక్చరర్. వచ్చి వెనక బెంచీలో కూర్చోమని నేనే పిలిచాను. తన గల్లీ ఊడ్చే మల్లమ్మకు మండుటెండలో నీళ్లు పోసిన సంగతి రాశాడు. అది పత్రికలో వచ్చినప్పటి నుంచి స్టాఫ్‌రూములో ఆయనది అదే పాట.

"ఇందులో వాదం ఏమిటి, ఉద్దేశం ఏమిటి, స్వరం ఎలాంటిది?" అని అడిగాను.

కార్వాన్ బస్తీ నుంచి వచ్చే యాదగిరి లేచాడు. "మనుషులంతా ఒక్కటే అంటుండు సార్. గాని రాసింది, ఆయన మంచోడని మనం అనుకోవాలని. మల్లమ్మ దోసిలి పట్టింది, ఈయన మీదికెల్లి పోసిండు. గ్లాసు ఇయ్యలే. స్వరం గూడ గట్లనే ఉంది, చెంబు ఎత్తి పట్టుకున్నట్టు."

క్లాసంతా నవ్వింది. రాఘవరావు చెవులు ఎర్రబడ్డాయి. నాకు మహా హాయిగా ఉంది. వెనక వాళ్లకు వినబడలేదేమో, ఇంకోసారి గట్టిగా చెప్పమన్నాను. చెప్పాడు.

బయటికి వస్తుంటే యాదగిరి అడిగాడు, "వచ్చే వారం మీది చదువుదామా సార్?"

సాయంత్రం నుంచి నా వ్యాసాలు తిరగేస్తున్నాను. ప్రతిదాంట్లోనూ ఎవరో ఒకరు దోసిలి పట్టే ఉన్నారు.