పత్తిలో కంది సాలు

నాచారం,
మంగళవారం.

అన్నకు, చెల్లె సుజాత దండాలు.

నువ్వు, వదిన, పిల్లలు క్షేమమే కదా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. అట్లా రాయకపోతే అమ్మ అన్నం ముట్టదు కాబట్టి రాస్తున్నాను. హాస్టల్లో పప్పు నీళ్లు నీళ్లుగా ఉంటుంది. పొద్దున్నే కాలేజీకి ఉప్పల్ దాకా బస్సులో నిలబడే పోతాను. వాన పడితే ఫ్యాక్టరీల వాసన గదిలోకి వస్తుంది.

మొన్న ఫోన్లో నువ్వు "ఈసారి చేన్ల ఏం పెట్టమంటవ్ చెల్లె?" అని అడిగితే సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ ఉంది. నాకే నోరు రాలేదు.

పోయినేడు సెలవులకు వచ్చి, నాలుగు వ్యవసాయం నోట్సులు చదివిన పొగరుతో, పత్తిలో కంది దండగ, పత్తి బలమంతా అదే తినేస్తుందని నీకు క్లాసు పీకాను. నాయన కాలం నుంచి పెడుతున్న కంది అది. నువ్వు "సదువుకున్నదానివి, నీకు తెల్వదా" అని విత్తనాల డబ్బా అటక మీద పెట్టేశావు. నడుమ వాన మొహం చాటేసింది, పత్తి పూతంతా రాలిపోయింది. కంది ఉంటే తట్టుకునేది. అమ్మ దుకాణంలో కందిపప్పు కొనడం అదే మొదటిసారి.

పోయిన వారం క్లాసులో సార్ బోర్డు మీద గీశాడు: ఆరు సాళ్లు పత్తి, ఒక సాలు కంది. వాన తప్పినా రైతుకు ఒక పంట దక్కుతుందట. అది మన చేనే, అన్నా. సార్ మాత్రం "రైతులకు గివన్ని తెల్వయి, మీరే పోయి నేర్పాలె" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. లేచి మన చేను సంగతి చెప్పాల్సింది.

తెలిసిన రైతు ఒకరికి ఈ పద్ధతి నేర్పి రాయమని ఫారం ఇచ్చారు. నేర్పినవారు అన్నచోట నీ పేరు, నేర్చుకున్నవారు అన్నచోట నా పేరు రాశాను. సార్ నవ్వి, ఎర్ర పెన్నుతో రెండూ కొట్టేసి తారుమారుగా రాశాడు. ఇప్పుడు కాగితం మీద నీకు కంది పెట్టడం నేర్పింది నేనే.

ఈసారి నన్ను అడగకు. డబ్బా దించు. ముందు పది గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూడు. చూశావా, మళ్లీ నీకే చెప్తున్నాను. నాకు సిగ్గు లేదు.

అమ్మకు, వదినకు, మామకు నా దండాలు చెప్పు. దీవించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

పంట పోయిన రోజు కూడా నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ నన్నే అడిగావు. అదే తట్టుకోలేకపోతున్నాను. జవాబు రాసేటప్పుడు ముందు నన్ను తిట్టు అన్నా. ఇంట్లోవాళ్ల బాగోగులు ఆ తర్వాత రాయి.

నీ చెల్లె,
సుజాత