పాము పెట్టెలో నీ అంగీ

గంగారామన్నా,

నువ్వు చనిపోయాక నీ పామును సౌదీలోని ఈ అల్ ఖర్జ్ గదిలో నేనే చూసుకుంటున్నాను. ఏసీ చలికని పెట్టిన బల్బుకు తగిలి దాని వీపు కాలింది. పుండు మానుతోందనగా నాగుల పంచమి వచ్చింది.

"అన్న ఉన్నప్పుడు పొయ్యనియ్యకపోతుండె. ఇయ్యాల అన్న పేరు మీద పోస్తున్న" అంటూ మన గదిలో ఉండే యాదగిరి, మనం పనిచేసే డెయిరీ నుంచి పాలు తెచ్చి అద్దాల పెట్టెలో పోశాడు. పాము పడుకునే నీ పాత అంగీ తడిసింది. పుండుకు మళ్లీ చీము పట్టింది.

డెయిరీలో ఆవులను చూసే డాక్టర్ మందు పూసి, ఆ బట్ట తీసేసి కాగితం పరవమన్నాడు. పరిచాను. అప్పటి నుంచి పాము తినడం లేదు. నాలుక చాపుతూ నీ వాసన కోసం పెట్టె మూలమూలా వెతుకుతోంది.

అంగీ నా మంచం కింద ఉంది. పాలు విరిగి కంపు కొడుతున్నా ఉతకలేదు.