డి డ్రైవ్‌లో దాచుకున్న పాట

ఏప్రిల్ 9

కంప్యూటర్లో సి డ్రైవ్ మళ్ళీ నిండిపోయి ఎర్రబడింది. ఏడో తరగతి ప్రశ్నపత్రం సేవ్ కానని మొండికేస్తోంది. పక్కన డి డ్రైవ్ సగానికి పైగా ఖాళీ. ఒకటే డిస్కు, మధ్యలో గోడ. "సి చిన్నది చాలు మేడం" అన్న షాపతన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఏప్రిల్ 10

నేనే దిగాను. డి నుంచి కొంత తగ్గించాను, తెర మీద నల్లగీత కింద ఖాళీ జాగా కనిపించింది. తీరా దాన్ని సికి కలపబోతే 'ఎక్స్‌టెండ్' అనే మాట బూడిదరంగులో... నొక్కినా పలకదు. ఖాళీ జాగా సిని ఆనుకునే ఉండాలట. నాది డి అవతల పడింది. ఇక డిని మొత్తంగా పక్కకు జరపాలి. జరిపేటప్పుడు కరెంటు పోతే అన్నీ పోవచ్చు. కృష్ణపట్నం కరెంటు ప్లాంటు పక్కన కాపురమనే మాటే గానీ, మా వీధిలో కరెంటును నమ్మేదెలా?

భయంగా ఉంది. నేను కట్టి పాడుకున్న పాటలన్నీ డిలోనే.

ఏప్రిల్ 12

ఆయన కంపెనీ బస్సు దిగి వస్తూనే — "సుధీర్‌కి చెప్పినాలే. ఇట్లాంటివన్నీ వాడికి తెలుసు." చర్చిలో కీబోర్డు వాయించే సుధీర్. తన పెళ్ళికి ముందు ప్రతి ఆదివారం భోజనం మా ఇంట్లోనే చేసేవాడు.

ఏప్రిల్ 14

సుధీర్ వచ్చాడు. ముందు తన హార్డ్ డిస్కు తగిలించి డి అంతా కాపీ. "బ్యాకప్ లేకుండా చెయ్యి పెట్టగూడదక్కా." తర్వాత డిని కుడివైపుకు జరిపి, ఖాళీ జాగాను సికి కలిపాడు. కరెంటు పోకూడదని నేను ఫ్యాను కూడా ఆపేశాను. దానికీ దీనికీ సంబంధం లేదక్కా అని నవ్వాడు.

అయింది. సికి ఊపిరాడుతోంది. పాటలన్నీ భద్రం. "ఒట్టి ఒడి" ఒక్కటి తెరిచి విన్నాను. ఆసుపత్రి నుంచి బిడ్డ లేకుండా తిరిగొచ్చిన ఏడాది కట్టుకున్నది. ఆయనకు తప్ప ఎవరికీ వినిపించలేదు.

"నా డిస్కులోది చెరిపేస్తాలే" అన్నాడు సుధీర్. చేపల పులుసు పెట్టి పంపాను.

మే 2

నా పాట... చర్చి వాట్సాప్ గ్రూపులో!

సుధీర్ గొంతు. వెనక డ్రమ్స్. "ఒట్టి ఒడి"ని "ఒట్టి చేతులు" చేశాడు, మగగొంతుకు కుదరదని కాబోలు. రచన, స్వరకల్పన: సుధీర్. కింద వరసగా ఆమెన్‌లు. అందులో ఒకటి ఆయనది.

మే 3

ఫోన్ చేశాను. "బావే వినమన్నాడక్కా. వాడుకోమని కూడా ఆయనే అన్నాడు. నీకు చెప్పుంటాడనుకున్నా."

ఆయన్ని అడిగాను. "ఏముందిమే, దేవుని పాట గదా. మూలన పడుండేదాన్ని పదిమందీ పాడుకుంటే తప్పేంది?"

దేవునిదైతే కింద సుధీర్ పేరెందుకన్నాను.

"నీకింత గర్వమేందిమే!"

గర్వమట. మా చర్చివాళ్ళలో ఈ ఒక్క మాట అంటే చాలు, ఎవరి నోరైనా మూతపడుతుంది. సుధీర్‌కి ఆ పాట దేని గురించో తెలియకపోవచ్చు. బిడ్డను గుడ్డలో చుట్టి ఎత్తుకెళ్ళిన మనిషికి తెలియదా? ఒళ్ళు మండిపోతోంది.

మే 4

ఆరాధన అయ్యాక పాస్టరమ్మకు చెబుదామని వెళ్ళాను. నేను నోరు తెరవకముందే ఆమె — "సుధీర్ పాట విన్నావా? ఏడుపాగలేదు నాకు. వచ్చే ఆదివారం నువ్వే పాడాల. నీ గొంతుకైతే కుదురుద్ది."

తలూపి వచ్చేశాను. నా మీద నాకే అసహ్యం.

మే 6

ఈసారి ఎవర్నీ పిలవలేదు. డిని మళ్ళీ కొంత తగ్గించి, ఆ జాగాలో కొత్త డ్రైవ్ చేశాను. దానికి పాస్‌వర్డ్. పాటలన్నీ అందులోకి. ఆయన నా భుజం మీదుగా చూసి, "మన మధ్య తాళాలేందిమే?" అన్నారు.

నవ్వొచ్చింది. నిజంగా నవ్వే.

మే 7

క్యారియర్ కట్టి, చేతికివ్వకుండా గట్టు మీద పెట్టాను. తీసుకుని బస్సుకు వెళ్ళారు.

మే 9

వంటింటి గుమ్మంలో నిలబడ్డారు, లోపలికి రాకుండా. "సుధీర్ అడగమన్నాడు... పాట రెండు చరణాలకే ఆగిపోయింది గదా. మూడోది ఏమన్నా ఉందా అని. ఆదివారానికి కావాలంట."

అంటే పాట నాదేనని ఇద్దరూ ఒప్పుకున్నట్టే. నా ముందు మాత్రమే.

మూడోది ఉంది. ఎప్పుడూ రికార్డు చేయలేదు, కాగితం మీదా పెట్టలేదు. అందులో బిడ్డ పేరుంది. మేమిద్దరం అనుకుని, ఎవరికీ చెప్పని పేరు.

"లేదు" అన్నాను.

ఆయన కదల్లేదు. "ఉందిమే. నువ్వు అంట్లు తోముకుంటా పాడేది నేను విన్లా?"

ఆ పేరు దాకా విన్నారో లేదో అడగలేకపోయాను. ఎల్లుండే ఆదివారం.